కొలతలో తప్పు ఎంత? దత్తమండలపు గొలుసు నుండి ఉపగ్రహము దాకా

మెట్టపొలములో నూటికి పది వంతులు, మాగాణిలో నూటికి అయిదు వంతులు. కొలతలో తేడా ఇంతకు మించినచో కొలిచినవానిని పనిలోనుండి తీసివేయుదురు. అప్పటికి అతనికి రావలసిన కూలి కూడ ఇయ్యరు. తప్పు అజాగ్రత్తవలన వచ్చినదా, తొందరవలన వచ్చినదా, కావలెనని చేసినదా అను విచారణ లేదు. రెండు వందల ఏండ్లకు పూర్వము కడప, కర్నూలు సీమలలో అమలు జరిగిన నియమమిది. దీనిని పెట్టినవాడు థామస్ మన్రో.

1800లో నిజాము ఈ ప్రాంతమును ఈస్టిండియా కంపెనీకి వదలుకొన్నాడు. అందుచేత దీనికి దత్తమండలమని పేరు వచ్చినది. రాయలసీమ అను పేరు 1928లో నంద్యాల సభలో పెట్టుకొన్నది. కర్నూలు పట్టణము మాత్రము 1839 వరకు నవాబు చేతిలోనే ఉండినది. మన్రో ఇక్కడికి ప్రధాన కలెక్టరుగా వచ్చి, శిస్తు నిర్ణయించుటకు ముందుగా పొలములను కొలిపించదలచినాడు. 1802 జూన్ నెలలో పని మొదలైనపుడు భూమి కొలుచుట తెలిసినవారు కచేరీలో నలుగురు గుమాస్తాలు మాత్రమే. వారు ఇతరులకు నేర్పగా కొంత కాలమునకు కొలతగాండ్రు నూరుమంది అయినారు. వారి గొలుసు పొడవు 33 అడుగులు. గొలుసంత భుజముగల చతురస్రము 1,089 చదరపు అడుగులు. అట్టివి 40 కలిస్తే సరిగా ఎకరము. విద్యార్థులు గుణించి చూచుకొనవచ్చును.

మొదట వీరికి నెలజీతము ఇచ్చినారు. పని చేతికి వచ్చిన తరువాత కొలిచిన ఎకరముల లెక్కన కూలి ఇచ్చినారు. దానితో పని వేగముగా సాగినది గాని కొలతలు చెడినవి. అందుచేత పెద్ద సర్వేయర్లు చిన్న సర్వేయర్ల కొలతలను మరల కొలిచి చూచు ఏర్పాటు చేసి, పైన చెప్పిన నియమమును పెట్టినారు. ఆరంభములో చాలమంది ఉద్యోగములు పోయినవనియు, పిమ్మట కొలతలు బాగుగా కుదురుకొన్నవనియు మన్రో 1807లో పై అధికారులకు వ్రాసినాడు.

ఆ నియమములోని కాఠిన్యము నేటి పాఠకునికి నచ్చకపోవచ్చును. కాని అందులో ఒక శాస్త్రీయ దృష్టి కలదు. మన్రో తప్పు ఉండనే కూడదని అనలేదు. తప్పు తప్పదని ఒప్పుకొని, అది ఎంతవరకు ఉండవచ్చునో అంకెలలో చెప్పినాడు. ఆ అంకె అన్ని చోట్ల ఒకటి కాదు: నీటిపారుదల గల భూమి విలువ ఎక్కువ, శిస్తు ఎక్కువ కనుక అక్కడ ఓర్చుకొను తేడా సగమే. మరియు కొలిచినవాని మాటను నమ్మి ఊరుకొనక, వేరొకరిచేత కొలిపించి పోల్చినాడు.

ఇప్పుడు కర్నూలు, కడప జిల్లాలలో మరియొక విధమైన కొలత జరుగుచున్నది. 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ ప్రారంభించిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను ప్రజాపటములో ఎవరైనను తమ ఊరి బాటను, బావిని, బడిని గీయవచ్చును. ఎవరైనను దానిని ఉచితముగా వాడుకొనవచ్చును. చేతిలోని ఫోను ఉపగ్రహముల సంకేతములను అందుకొని తానున్న చోటును చెప్పును. ఆ సంఖ్యలే పటములోనికి పోవును. ఇక్కడ కొలిచేవానికి కూలి లేదు, తప్పితే పనిలోనుండి తీసివేయు కలెక్టరు లేడు. మరి తప్పును పట్టుకొనుట ఎట్లు? ఎంత తప్పును ఓర్చుకొనవచ్చును? ఈ ప్రశ్నలకు జవాబు ఫోను వెలసిన తరువాత పుట్టినది కాదు. అందులో ముఖ్యభాగమును మన్రో కాలముననే, ఈ ప్రాంతపు కొండలమీదనే మరియొకరు ఆలోచించినారు.

రెండు జాతుల తప్పులు

మన్రో మనుషులు గొలుసు పట్టిన 1802లోనే, ఏప్రిల్ 10వ తేదీన, మదరాసు దగ్గర పరంగిమల వద్ద విలియం లాంబ్టన్ ఏడున్నర మైళ్ల ఆధారరేఖను కొలుచుట ప్రారంభించినాడు. తరువాత మహా త్రికోణమితి సర్వే అని ప్రసిద్ధి చెందిన పనికి అది నాంది. పద్ధతి సులభముగనే అర్థమగును. త్రిభుజములో ఒక భుజము, రెండు కోణములు తెలిసినచో మిగిలిన భుజములను లెక్కకట్టవచ్చును. కనుక ఒక్క రేఖను మాత్రము నేలమీద శ్రద్ధగా కొలిచి, తరువాత కొండనుండి కొండకు కోణములు చూచుకొనుచు దేశమంతటా త్రిభుజములను అల్లుకొని పోవుటయే.

లాంబ్టన్ గొలుసు 100 అడుగుల ఉక్కు గొలుసు. ఎండలో ఉక్కు సాగును. ఒక్కొక్క డిగ్రీ సెంటీగ్రేడు వేడికి ఉక్కు తన పొడవులో పది లక్షల వంతులకు సుమారు 11.5 వంతులు పెరుగును. ఇది చాల స్వల్పముగా తోచును. కాని వేడి 10 డిగ్రీలు హెచ్చినపుడు ఏడున్నర మైళ్లలో వచ్చు తేడా 1.4 మీటర్లు. ఇదే గొలుసుతో నూరుసార్లు కొలిచి సగటు తీసినను ఈ తేడా పోదు, ఏలయన ప్రతిసారి అది ఒకే దిక్కునకు తప్పుచున్నది. గొలుసు మొనను గుర్తుకు ఆనించునప్పుడు చేయి కొంచెము ఇటు, కొంచెము అటు జరుగుట వేరు. ఆ తప్పులు ఒకదాని నొకటి కొట్టివేసికొనును, సగటుకు లొంగును. మొదటి జాతికి క్రమదోషమని, రెండవదానికి యాదృచ్ఛిక దోషమని పేరు. లాంబ్టన్ గొలుసును పెట్టెలలో పరచి, పక్కన ఉష్ణమాపకములు పెట్టి, వేడిని వ్రాసికొని సవరణ చేసినాడు. రెండవ గొలుసు నొకదానిని వాడక, పోల్చుటకు మాత్రమే దాచినాడు.

పరీక్ష 1804లో బెంగుళూరు వద్ద జరిగినది. మదరాసు నుండి త్రిభుజముల మీదుగా లెక్కకట్టి వచ్చిన పొడవును, అక్కడ నేలమీద కొత్తగా కొలిచిన ఆధారరేఖతో పోల్చినారు. నడుమ దాదాపు మూడు వందల కిలోమీటర్ల దూరము, లెక్కలేనన్ని కోణములు. తేడా నాలుగు అంగుళములైనను లేదు. 1811లో దత్తమండలములోనే, గుత్తి దగ్గర, మరియొక ఆధారరేఖను కొలిచినారు. కర్నూలు, కడప సీమల పటములకు గట్టి పునాది ఈ కొలతలతో పడినదనవచ్చును.

అయినను లాంబ్టన్‌ను ఒక తప్పు వేధించినది. నక్షత్రములను చూచి అక్షాంశమును నిర్ణయించునపుడు ఏది నిట్టనిలువో తెలియవలెను. అది చెప్పునది గుండు కట్టిన దారము, తాపీ మేస్త్రి చేతిలోని తూకపు గుండు వంటిదే. ఆ దారము ఒక్క సెకను కోణము ఒరిగినచో అక్షాంశములో నేలమీద 30 మీటర్లకు పైగా తప్పు వచ్చును. బెంగుళూరు ప్రాంతపు అక్షాంశము త్రిభుజముల లెక్కతో పొసగలేదు. పనిముట్టులో లోపము కనబడలేదు. భూమిలోపల బరువైన ఖనిజమేదో గుండును తనవైపు లాగుచున్నదని లాంబ్టన్ ఊహించినాడు. ఆ తేడాను మూలకు తోసివేయక వ్రాసి ప్రకటించుట ఆయన చేసిన మేలు. ఇటువంటి తేడాయే, అయిదు సెకన్లకు కొంచెము పైన, తరువాత ఉత్తర దేశములో జార్జి ఎవరెస్టు కొలతలలో కనబడగా, 1855లో ప్రాట్ దానిని హిమాలయముల ఆకర్షణతో పోల్చి లెక్కవేసినాడు. పర్వతముల క్రింద భూమి ఎట్లు అమరియున్నదను విచారము అక్కడనుండి బయలుదేరినది. ఒక కొలత తప్పిన చోట ఒక శాస్త్రశాఖకు దారి దొరకినది.

ఆకాశమునందలి గొలుసు

జి.పి.ఎస్. అను అమెరికా ఉపగ్రహ వ్యవస్థలో గొలుసు స్థానమును కాలము ఆక్రమించినది. 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహము తన గడియారపు వేళను రేడియో తరంగములపై పంపును. తరంగము ఎంతసేపటికి చేరినదో చూచి ఫోను దూరమును లెక్కకట్టును. మూడు దూరములు తెలిసినచో చోటు తెలియవలెను. ఫోనులోని చౌక గడియారము తప్పును కూడ కనుగొనవలెను కనుక నాలుగవ ఉపగ్రహము కావలెను. కాంతి సెకనులో నూరు కోట్ల వంతులో 30 సెంటీమీటర్లు పోవును. కావున కాలములో అంత చిన్న తప్పు కూడ దూరములో జానెడును మించును.

మొదటి ఉపగ్రహమును 1978లో పంపినారు. 1995లో వ్యవస్థ పూర్తియైనది. అప్పట్లో సైన్యమునకు తప్ప ఇతరులకు అందు సంకేతమును అమెరికా ప్రభుత్వము కావలెనని చెడగొట్టుచుండెను. సామాన్యునికి నూరు మీటర్ల వరకు తప్పు వచ్చెడిది. 2000 మే నెలలో దానిని మానివేసినారు. నూరు మీటర్ల తప్పుతో ఊరి వీధులను గీయ వీలులేదు. ప్రజాపటములు ఆ తరువాతనే పుట్టుటలో ఆశ్చర్యము లేదు.

ఇప్పుడు ఆకాశము బాగుగా కనబడు బయలులో మంచి ఫోను సుమారు 5 మీటర్ల లోపల చోటు చెప్పును. తెరపై చుక్క చుట్టు కనబడు నీలివృత్తమును గూర్చి ఒక అపోహ ఉన్నది. చోటు ఆ వృత్తములోనే తప్పక ఉన్నదని అనేకులు తలచుదురు. ఆండ్రాయిడ్ ఫోనులలో ఆ వృత్తమునకు అర్థము, అసలు చోటు అందులో ఉండుటకు నూటికి 68 వంతుల అవకాశము కలదని మాత్రమే. అనగా పది పఠనములలో మూడు వృత్తము బయట పడుట సహజము. అట్లే ఫోను దశాంశము తరువాత ఏడు అంకెలు చూపినంత మాత్రమున ఏడును నిజము కావు. అక్షాంశములో అయిదవ దశాంశ స్థానమే 1.1 మీటరు, ఏడవది ఒక సెంటీమీటరు. అయిదు మీటర్ల తప్పుగల పనిముట్టు సెంటీమీటర్లు చెప్పుట, తాలూకా గడియారము సెకనులో వెయ్యవ వంతు చెప్పుట వంటిది.

ఈ రెండు జిల్లాల నేలకు తగిన ఇబ్బందులు కొన్ని ఉన్నవి. కడప జిల్లా గండికోట వద్ద పెన్న రెండువైపుల నిటారు రాతిగోడల నడుమ పారుచున్నది. కోనలోపల నిలుచున్నవానికి ఆకాశము సన్నని పట్టీవలె కనబడును. ఉపగ్రహములన్నియు ఒక వరుసలో దొరకును. పైగా కొన్ని సంకేతములు నేరుగా రాక రాతిగోడను తాకి వంకరదారిన వచ్చును. వంకరదారి పొడవు కనుక ఫోను ఉపగ్రహము మరింత దూరమున ఉన్నదని మోసపోవును. కర్నూలు, కడప బజారులలో ఎత్తైన మేడల నడుమ జరుగునదియు ఇదే. నల్లమల అడవిలో దట్టమైన ఆకుల తడి సంకేతమును బలహీనపరచును. శ్రీశైలము దారిలో బస్సు కిటికీనుండి తీసిన జాడలు మలుపుల దగ్గర రోడ్డు దిగి లోయలో నడచినట్లు కనబడుటకు కారణము కొంత ఇది, కొంత ఫోను ఆగి ఆగి చుక్కలు పెట్టుట.

ఆకాశమే లేని చోటును ఒకటి కలదు. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గరి బెలుము గుహలలో, 3,229 మీటర్ల పొడవున, ఏ ఉపగ్రహ సంకేతమును చొరదు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహలను గూర్చి తెలిపినాడు. 1982, 1983 సంవత్సరములలో డేనియల్ గెబావర్ నాయకత్వమున జర్మన్ బృందము వివరముగా పరిశోధించినది. గుహలను కొలుచువారు సాధారణముగా టేపు, దిక్సూచి, కోణమాపకములనే నమ్ముకొందురు. ఒక్కొక్క అంగలో చేరిన తప్పు తరువాతి అంగకు సంక్రమించును. తిరిగి తిరిగి బయలుదేరిన చోటికే వచ్చినపుడు లెక్క అక్కడికే రావలెను. రాకున్న, మిగిలిన ఎడమే పోగుపడిన తప్పు. లాంబ్టన్ మదరాసు నుండి బెంగుళూరు వరకు చేసిన పరీక్షకు ఇది చిన్న తమ్ముడు.

సాయంకాలపు తప్పు

పై ఇబ్బందులు కంటికి కనబడునవి. కనబడనిది అయనావరణము. నేలకు సుమారు 60 కిలోమీటర్ల పైన మొదలై వందల కిలోమీటర్ల వరకు సూర్యకిరణములచేత విద్యుత్కణములుగా చీలిన వాయువు ఉన్నది. దానిగుండా వచ్చునపుడు సంకేతము ఆలస్యమగును. సూర్యుడు చురుకుగా ఉన్న ఏండ్లలో పగటిపూట ఈ ఆలస్యము దూరములో పదుల మీటర్ల వరకు పోగలదు. ఉపగ్రహము పంపు ఒక సూత్రముతో ఫోను దీనిని సవరించుకొనును గాని, ఆ సూత్రము సుమారు సగమును మాత్రమే తీసివేయగలదు.

ఈ విషయములో దక్షిణ భారతము చిక్కైన చోట ఉన్నది. భూమి అయస్కాంత మధ్యరేఖ దేశపు దక్షిణపు కొసకు చేరువగా పోవుచున్నది. మధ్యరేఖ దగ్గర అయనావరణము పగలు పైకి లేచి ఉత్తర దక్షిణములకు జారి పేరుకొనును. కర్నూలు, కడప ఆ రెంటి నడుమ చిక్కినవి. సూర్యాస్తమయము తరువాత, ముఖ్యముగా మార్చి ఏప్రిల్ నెలలలోను, సెప్టెంబరు అక్టోబరు నెలలలోను, ఆ పొరలో బుడగలవంటి ఖాళీలు లేచి సంకేతము నక్షత్రమువలె మిణుకుమిణుకుమనును. తిరుపతి దగ్గర గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనశాల రాడారు ఇట్టి కల్లోలములను పరిశీలించుచున్నది. 2024 ప్రాంతమున సూర్యుని చురుకుదనము పరాకాష్ఠకు వచ్చినందున ఆ ఏండ్లలో ఇవి మిక్కిలిగా ఉండినవి.

ఇక్కడ లాంబ్టన్ గొలుసు పాఠము మరల ఎదురగును. ఒకే చోట పది నిమిషములు నిలుచుండి, ఫోను చూపిన ఆరు వందల అంకెలకు సగటు తీసినవాడు చాల శ్రద్ధగా పని చేసినట్లు కనబడును. కాని ఆ పది నిమిషములు అయనావరణము ఒకే తీరున ఉన్నది, రాతిగోడ కదలలేదు, ఉపగ్రహములు కొంచెమే జరిగినవి. ఆరు వందల పఠనములును ఒకే ఎండలో సాగిన గొలుసు కొలతలు. పది నిమిషముల చొప్పున మూడు వేర్వేరు దినములలో, వేర్వేరు వేళలలో తీసిన సగటు దీనికంటె ఎంతో మేలు. ఆ మూటిని ముగ్గురు మనుషులు మూడు ఫోనులతో తీసినచో మరియు మేలు. ప్రజాపటమునకు అసలు బలమిక్కడనే ఉన్నది. ఒక దారిన పదిమంది నడచిన జాడలను ఒకదానిపై ఒకటి పరచినపుడు రోడ్డు వాటి నడుమ దానంతట అదే తేలును. మన్రో జీతమిచ్చి చేయించిన మరుకొలత ఇక్కడ ఊరకనే జరుగుచున్నది. 2018 నుండి రెండు పౌనఃపున్యములను అందుకొను ఫోనులు కూడ వచ్చినవి. అయనావరణపు ఆలస్యము పౌనఃపున్యమునుబట్టి మారును కనుక రెంటినీ పోల్చి ఆ తప్పును చాలవరకు తీసివేయవచ్చును.

ఎవరి తప్పూ కాని తప్పు

రాతిగోడ, అయనావరణము రెండును లేకున్నను ఒక తేడా మిగులును. ఉపాధ్యాయులు కొందరు సర్వే ఆఫ్ ఇండియా వారి పాత పటమును (కర్నూలు, కడప రెండును 57వ సంఖ్య పటములోనివి) ముందు పెట్టుకొని, అందులోని గుడి అక్షాంశ రేఖాంశములను ఫోనుతో సరిచూతురు. నూరు మీటర్లకు పైగా తేడా వచ్చును. పటము తప్పని, లేక ఫోను చెడినదని అనుకొందురు. రెండును కావు.

అక్షాంశ రేఖాంశములు భూమిపై గీసియున్నవి కావు. భూమికి బదులుగా మనము ఊహించుకొన్న ఒక నున్నని గోళాభముపై గీసినవి. ఎవరెస్టు 1830లో, లాంబ్టన్ కొలతల పరంపర ఆధారముగా, భారతదేశమునకు అతుకునట్లు ఒక గోళాభమును నిర్ణయించినాడు. పాత పటములు దానిపైని లెక్కలు. జి.పి.ఎస్. వాడునది ప్రపంచమంతటికి సరిపడునట్లు ఉపగ్రహముల సాయముతో కట్టిన వేరొక గోళాభము. దాని భూమధ్య వ్యాసార్ధము 6,378,137 మీటర్లు. ఎవరెస్టుది దీనికంటె ఎనిమిది వందల మీటర్లకు పైగా తక్కువ, దాని కేంద్రము కూడ భూకేంద్రమున లేదు. ఒకే గుడికి రెండు చిరునామాలు ఏర్పడినవన్నమాట. 2005 జాతీయ పటముల విధానము ప్రకారము ప్రజలకిచ్చు పటములకు ప్రపంచ గోళాభమును, రక్షణశాఖ పటములకు ఎవరెస్టు గోళాభమును నిర్ణయించినారు. 2021 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము పటములు చేయుటపై నిబంధనలను చాలవరకు సడలించినది. పాత పటమునుండి బాటలను ఎత్తి ప్రజాపటములో పెట్టదలచినవారు ముందు గోళాభమును మార్చుకొనవలెను. ఇది సగటుతో పోదు, పదిమంది నడచినను పోదు.

ఉపగ్రహ చిత్రములపై చూచి గీయుటలోను ఇట్టి మోసమున్నది. చిత్రము కంటికి స్పష్టముగా ఉండును గాని మొత్తముగా కొన్ని మీటర్లు ఒకవైపు జరిగియుండవచ్చును. ఎర్రమల, నల్లమల వంటి ఎగుడు దిగుడు చోట్ల కొండశిఖరము ఒకవైపు, లోయ వేరొకవైపు జరిగియుండును. అనుభవముగల పటకారులు చిత్రమును పరచగానే గీయుట మొదలుపెట్టరు. చదునైన నేలపై రెండు రోడ్లు కలిసిన కూడలినో, కాలువపై వంతెననో ఎన్నుకొని, పలువురి జాడల సగటుకు చిత్రమును సరిగా జరుపుకొని, అప్పుడు కలము పట్టుదురు. ఏ చిత్రము నుండి, ఏ దినమున, ఏ జాడ నుండి గీసినారో వ్రాసి ఉంచుదురు. ఇతరులు గీసిన ఊరు తమ ఫోనుకు పొసగలేదని ఒక్క పఠనముతో ఊరినంతటిని జరుపుట ఈ పనిలో పెద్ద అపరాధము.

ఎంత తప్పు పెద్ద తప్పు?

దీనికి జవాబు పటము దేనికొరకో అడిగి చెప్పవలెను. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలు మునిగినది. అటువంటి వేళ సహాయమునకు వచ్చిన పరవూరివారికి ఏ వీధి ఎత్తున ఉన్నది, ఏ వంతెన దాటవచ్చును, ఏ బడిలో జనము ఉన్నారు అనునవి కావలెను. వీధి అయిదు మీటర్లు జరిగియుండుట వారికి లెక్కలోనిది కాదు. వీధి పటములో లేకపోవుటయే హాని. కాని సన్నని కాలువ గట్టుమీది బాటను అదే అయిదు మీటర్లు జరిపి కాలువకు అవతలి గట్టున గీసినచో, దారి అడిగినవాడు లేని వంతెనకై కోసులు నడవవలెను. తప్పు మీటర్లలో సమానము, ఫలితములో కాదు.

పేర్ల విషయము వేరు. కొత్తపల్లె అను ఊళ్లు ఈ సీమలో అనేకము. దత్తమండలమును 1809 తరువాత సర్వే చేయించిన కాలిన్ మెకంజీ కొలతలతో తృప్తిపడక, కావలి లక్ష్మయ్య మొదలగువారి సహాయముతో ఊరూర కరణములనడిగి కైఫియత్తులు వ్రాయించినాడు. ఊరికి ఆ పేరు ఏల వచ్చినది, చెరువు ఎవరు త్రవ్వించినారు, పొలిమేర ఏ వంకదాకా అను సంగతులు వాటిలో ఉన్నవి. ఉపగ్రహమునకు తెలియని ఈ సంగతి ఊరివారికే తెలియును. ప్రజాపటములో ఊరి పేరును తెలుగులో వ్రాయుచున్నవారు మెకంజీ మనుషుల పనినే చేయుచున్నారు.

పొలము గట్టు దగ్గరకు వచ్చునప్పటికి లెక్క మారును. నూరు మీటర్ల గట్టు అయిదు మీటర్లు జరిగినచో 500 చదరపు మీటర్లు, అనగా 12 సెంట్లకు పైగా భూమి ఒకరినుండి ఒకరికి పోయినట్లు. వానకు ఎదురుచూచు సీమలో కూడ పన్నెండు సెంట్లకు అన్నదమ్ములు కోర్టుకు పోవుదురు. కనుక ఫోనుతో తీసిన గట్టు సరిహద్దు తగవులో సాక్ష్యమునకు పనికిరాదు, ప్రజాపటము అందుకు ఉద్దేశించినదియు కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020 డిసెంబరు 21న భూముల పునఃసర్వేను ప్రారంభించినపుడు వేరు మార్గము పట్టినది. స్థానము ముందే నిర్ణయమైన స్థలములలో నిరంతరము ఉపగ్రహములను అందుకొను స్థావరములను రాష్ట్రమంతటా 70 చోట్ల నిలుపుటకు పూనుకొన్నది. స్థావరమునకు తన అసలు చోటు తెలియును కనుక, ఆ నిమిషమున ఉపగ్రహములు చెప్పునది ఎంత తప్పినదో తెలియును. ఆ తప్పును వెంటనే చుట్టుపక్కల సర్వేయర్లకు పంపును. వారు తమ పఠనములోనుండి దానిని తీసివేసి సెంటీమీటర్లకు దిగగలరు. అయనావరణము ఇద్దరినీ ఒకే తీరున మోసగించుననుటపై ఈ పద్ధతి ఆధారపడియున్నది. లాంబ్టన్ వాడక దాచిన రెండవ గొలుసు చేసిన పని ఇప్పుడు ఈ స్థావరములు చేయుచున్నవి.

హైస్కూలులో దీనిని పరీక్షించుటకు ఖర్చు లేదు. బడి ఆవరణలోని జెండా స్తంభము మొదట ఫోను పెట్టి, అయిదు నిమిషముల తరువాత అక్షాంశ రేఖాంశములను దశాంశములలో ఆరు స్థానముల వరకు వ్రాసికొనవలెను. ఇట్లు ఉదయము ఒకమారు, సాయంకాలము ఒకమారు, పది దినములు చేయవలెను. గళ్ల కాగితముపై అక్షాంశములో ప్రతి 0.00001 డిగ్రీకి 1.1 మీటరు, రేఖాంశములో ఈ సీమ అక్షాంశమునకు 1.07 మీటరు చొప్పున చుక్కలు పెట్టి, వాటి సగటు చోటున ఒక నక్షత్రము గీయవలెను. తరువాత నక్షత్రము కేంద్రముగా, చుక్కలలో మూడింట రెండు వంతులు లోపల పడునట్లు వృత్తము గీసి, దాని వ్యాసార్ధమును ఫోను చెప్పిన నీలివృత్తముతో పోల్చవలెను. ఉదయపు చుక్కలను ఒక రంగున, సాయంకాలపువానిని మరొక రంగున పెట్టుట మరువరాదు. రెండు రంగులును ఒకదానిలో ఒకటి కలిసిపోయినచో ఆ తప్పు సగటుకు లొంగును. రెండు గుంపులుగా విడిపోయినచో, గుంపుల నడుమ ఎడమును స్కేలుతో కొలిచి కాగితము మూలన తేదీతో వ్రాసి ఉంచవలెను.